కృష్ణకు అటూ ఇటూ: నల్లమల పటాల వెంట

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మన్ననూరు దగ్గర అడవిలోకి ప్రవేశిస్తుంది. అక్కడి అటవీశాఖ గేటు రాత్రి తొమ్మిదింటికి మూసి పొద్దున ఆరింటికి తీస్తారు. ఆ మధ్యవేళ రోడ్డు జంతువులది. గేటు దాటితే ఫర్హాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట. అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ లోయలోకి దిగే ఘాట్, అడుగున కృష్ణ, అవతలి ఒడ్డు ఎక్కితే సున్నిపెంట, శ్రీశైలం. ఇంకా దక్షిణానికి పోతే దోర్నాల, అక్కడ పడమటికి మళ్లితే ఆత్మకూరు. బస్సు కిటికీలోంచి చూసేవారికి ఇదంతా ఒకటే అడవి, ఒకటే కొండల వరస. పటాల్లోకి వచ్చేసరికి ఇదే నేల చాలా ముక్కలు. అటవీశాఖ పటం ఒకటి, రెవెన్యూ పటం ఒకటి, సర్వే ఆఫ్ ఇండియా షీటు ఒకటి, ఉపగ్రహ చిత్రం నుంచి తీసిన పచ్చదనం పటం ఒకటి, పులుల లెక్క కోసం గీసిన గడుల పటం ఒకటి, నీటిపారుదలశాఖది ఒకటి, ఖనిజాలది ఇంకొకటి. ఒక్కోటి ఒక్కో కాలంలో ఒక్కో అవసరానికి పుట్టింది. ఇప్పుడు వాటన్నిటినీ ఒకే కంప్యూటర్ తెర మీద పొరలుగా పేరుస్తున్నాం, ఆ పేర్పు చూసి నిర్ణయాలు తీసుకుంటున్నాం. ఈ దారి పొడుగునా నేను వాదించదలచింది ఒక్కటే. అడవి సమాచారాన్ని ఇంకా ఇంకా పోగుచేయడం కన్నా, ఉన్న ప్రతి గీతకూ ప్రతి అంకెకూ అది ఎప్పుడు, ఏ కొలతలో, ఏ ఆధారం మీద, ఎవరి అవసరం కోసం పుట్టిందో వెంట రాసి క్రమంలో పెట్టడం ముందు జరగాలి. ఆ రాత లేని పటం పుట్టిన వేళ తెలియని జాతకం లాంటిది. ఎవరికి అనుకూలంగా కావాలంటే వారికి అలా చెప్పుకోవచ్చు. అలా చెప్పినప్పుడల్లా ముందుగా నష్టపోయేది అడవిలో బతికేవాళ్లు, వాళ్ల తరువాత అడవి.

గేటు దగ్గరే తొలి ఉదాహరణ దొరుకుతుంది. నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. పాత పుస్తకాల్లో దాని విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రం రెండయింది, అడవీ రెండయింది. కృష్ణకు ఉత్తరాన అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన ఆంధ్రప్రదేశ్ వాటా 3,296. రెండూ కలిపితే 5,900 దాటుతుంది. మూడున్నర వేలుగా ఉన్న అడవి రెండుగా విడిపోయి ఆరువేలకు దగ్గర ఎలా అయింది? అడవి పెరగలేదు. హద్దుల నిర్వచనం మారింది. కోర్ ప్రాంతాన్ని విడిగా ప్రకటించారు, దాని చుట్టూ బఫర్ చేర్చారు. అమ్రాబాద్‌లో కోర్ 2,166, బఫర్ 445. ఈ సంగతి తెలిసినవారికి ఇందులో వింత లేదు. కానీ 3,568 అన్న అంకె ఇప్పటికీ వ్యాసాల్లో, పర్యాటక బోర్డుల మీద తేదీ లేకుండా తిరుగుతూనే ఉంది. ఆ అంకెను ఒక గడిలో, 5,900ను పక్క గడిలో పెట్టి, ముప్ఫై ఏళ్లలో ఎంత శాతం అడవి పెరిగిందని లెక్క కట్టే నివేదిక రాయడానికి ఎవరికీ పెద్ద తెలివి అక్కర్లేదు. అదే లెక్కను తిప్పి, అమ్రాబాద్ కోర్ ఒక్కదాన్నే మొత్తం అడవిగా తీసుకుని, అడవి తగ్గిందని కూడా చూపించవచ్చు. రెండు చోట్లా కూడిక తప్పు లేదు. అంకె పక్కన ఉండాల్సిన తేదీ, నిర్వచనం లేకపోవడమే తప్పంతా.

మార్చిలో ఈ దారిన పోతే నల్లమల బోడిగా కనిపిస్తుంది. ఇది ఆకురాల్చే అడవి. నల్లమద్ది, తునికి, ఇప్ప వంటి చెట్లు ఎండాకాలం మొదట్లో ఆకు వదిలేస్తాయి. ఆకు లేని కొమ్మల మీద మోదుగ పూలు ఎర్రగా పూసి ఉంటాయి. అక్టోబరులో అదే మలుపు దగ్గర పది గజాల లోపలికి చూపు పోదు. ఉపగ్రహానికీ అంతే. మార్చి చిత్రాన్నీ నవంబరు చిత్రాన్నీ పక్కపక్కన పెడితే నాలుగు నెలల్లో అడవి నరికేశారని అనిపిస్తుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాకు ఈ సంగతి బాగా తెలుసు. రెండేళ్లకోసారి దేశమంతటి అటవీ నివేదిక వేసే ఆ సంస్థ, ఆకు నిండుగా ఉండే అక్టోబరు, డిసెంబరు మధ్య చిత్రాలనే ప్రధానంగా వాడుతుంది. అయితే దాని నిర్వచనం చదవకుండా దాని పటం వాడితే ఇంకో గుంటలో పడతాం. కనీసం ఒక హెక్టారు విస్తీర్ణం, పై నుంచి చూస్తే పది శాతమైనా చెట్ల కప్పు ఉన్న నేలనంతా అది అటవీ విస్తీర్ణం కింద లెక్కిస్తుంది. ఆ నేల ఎవరిది, చట్టప్రకారం అడవా కాదా అన్నది చూడదు. ఆ లెక్కన ఈ అడవికి పడమటి అంచున కొల్లాపూర్ మామిడి తోట కూడా పచ్చగానే వస్తుంది. గెజిట్‌లో రిజర్వు అడవిగా నమోదై, బండలు తేలి చెట్టు లేకుండా ఉన్న గుట్ట మాత్రం ఆ పచ్చదనంలోకి రాదు. ఆ సంస్థ ఇందులో దాచిందేమీ లేదు, ప్రతి నివేదికలోనూ ముందే చెబుతుంది. చదవని తప్పు మనది. కాబట్టి చట్టం చెప్పే అడవి, కంటికి కనిపించే చెట్లు, మనుషులు వాడుకునే నేల అనే మూడింటిని మూడు పొరలుగానే ఉంచాలి. మూడింటినీ కలిపి ‘అడవి’ అని ఒకే పేరు పెట్టిన ఫైలు ఎంత అందంగా రంగులు వేసినా పనికిరాదు.

శ్రీశైలం క్షేత్రం పదహారో అక్షాంశానికి కాస్త ఉత్తరాన ఉంది. సర్వే ఆఫ్ ఇండియా షీట్ల లెక్కలో ఆ అక్షాంశం పెద్ద గీత. దానికి ఉత్తరాన శ్రీశైలం 56 ఎల్ షీటులో పడుతుంది. దక్షిణానికి దిగగానే వరస సంఖ్య 57కి మారుతుంది. పాత షీట్లు రెండూ పక్కపక్కన అతికి చూస్తే చక్కగానే కలుస్తాయి, ఎందుకంటే రెండిటి వెనకా ఒకే లెక్క ఉంది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ గొలుసు పరిచి మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే, దాన్ని అందుకున్న జార్జ్ ఎవరెస్ట్ 1830లో భూమి ఆకారానికి కట్టిన లెక్క, మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ దగ్గర పెట్టుకున్న మూలబిందువు. మన చేతిలో ఫోను వాడే లెక్క వేరు. ఉపగ్రహాలకు అనువైన డబ్ల్యూజీఎస్ 84. 2005 నాటి జాతీయ పటాల విధానం తరువాత ప్రజలకు ఇచ్చే షీట్లు ఈ కొత్త లెక్కలోకి మారాయి. పాత లెక్కలోని అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా కొత్త లెక్క మీద పెడితే నల్లమల ప్రాంతంలో బిందువు వంద మీటర్లకు పైగా జరుగుతుంది. కొండల వరస చూపడానికి వంద మీటర్లు లెక్కలోకి రాకపోవచ్చు. రెండెకరాల చెక్కకు ఒక్కో వైపు పొడవు 90 మీటర్లు మాత్రమే. అంటే ఈ అడవిలో బతికే గిరిజనులైన చెంచుల్లో ఒక కుటుంబం సాగుచేసుకునే నేల మొత్తం, నాగలి కదలకుండానే, గీతకు అవతలి నుంచి ఇవతలికి వచ్చేస్తుంది. ఈ మార్పు చేయాలో వద్దో కంప్యూటర్‌కు చెప్పేది, పటం పొరను నిల్వచేసే షేప్‌ఫైల్ వెంట ఉండే పీఆర్‌జే అనే చిన్న ఫైలు. ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపేటప్పుడు జారిపోయేది తరచూ అదే. అది లేకుండా వచ్చిన పొరను తెర మీద చేత్తో జరిపి ‘సరిపోయింది’ అనిపించుకోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన అలవాటు. ఆ జరపడానికి ఎక్కడా సాక్ష్యం మిగలదు. ఇంకో సంగతి కూడా ఉంది. రిజర్వు అడవి హద్దును గెజిట్‌లో మాటల్లో రాశారు: ఫలానా వాగు వెంట, ఫలానా గుట్ట కొస దాకా, ఫలానా నంబరు రాళ్ల కుప్ప నుంచి ఫలానా నంబరు దాకా అని. చట్టం గుర్తించేది ఆ మాటలను. తెర మీది గీత దానికి ఒకరు చేసిన వ్యాఖ్యానం. అందుకే కొత్త పరికరాలతో కొలిచాక పాతవి పారేయమనే సలహాను నేను ఒప్పుకోను. పాత మాటలు, పాత షీటు, కొత్త కొలత మూడూ ఒకే సంఖ్య కింద నిలవ ఉండాలి. ఏది దేని నుంచి వచ్చిందో తెలియాలి.

ఈగలపెంట నుంచి ఘాట్ దిగి వంతెన దాటితే రాష్ట్రం మారుతుంది. దానికన్నా పాత సరిహద్దు కూడా అదే నది. ఉత్తరాన నిజాం రాజ్యం, దక్షిణాన మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లా. ఉత్తరాన అడవులు 1355 ఫసలీ నాటి హైదరాబాద్ అటవీ చట్టం కింద, దక్షిణాన 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద నోటిఫై అయ్యాయి. 1967 నాటి అటవీ చట్టంతో రెండూ ఒక గొడుగు కిందికి వచ్చినా కాగితాలు మాత్రం ఎవరివి వారివే. సాగు రికార్డు పేరు అటు పహాణీ, ఇటు అడంగల్. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, పైకి అసలు కనిపించనిది, నేల కొలత. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు, ఆంధ్రలో ఎకరాకు 100 సెంట్లు. రెండు చోట్లా రాసే పద్ధతి ఒకటే: 1.20. అటు ఒడ్డున దాని అర్థం ఎకరా ఇరవై గుంటలు, అంటే ఒకటిన్నర ఎకరా. ఇటు ఒడ్డున ఎకరా ఇరవై సెంట్లు, అంటే ఎకరాలో అయిదో వంతు మాత్రమే ఎక్కువ. ఈ రెండు పట్టికలను కలిపి ఒకే గడిలో పెడితే కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. రెండూ దానికి దశాంశ అంకెలే. అమ్రాబాద్ వైపు రైతుకు ప్రతి 1.20 దగ్గరా ముప్ఫై సెంట్లు మాయమవుతాయి. అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత సాగుకు నాలుగు హెక్టార్ల దాకా హక్కు ఇస్తారు; ఆ లెక్క హెక్టార్లలో. గుంట నుంచి ఎకరా, ఎకరా నుంచి హెక్టారు. రెండుసార్లు మార్చే ఈ పనిలో మూలం ఏ కొలతలో ఉందో రాసిన ఒక్క గడి లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో వెతికే దారే ఉండదు. ఒక గడి చేర్చడానికి అయ్యే ఖర్చు ఎంత, చేర్చనందుకు ఒక కుటుంబం తిరగాల్సిన ఆఫీసులెన్ని అని ఆలోచిస్తే ఇది గుమాస్తా పనిలా కనిపించదు.

పేర్ల సంగతీ ఇంతే. బైర్లూటి, ఈగలపెంట, వటవర్లపల్లి వంటి ఊళ్ల పేర్లు తెలుగులో చాలావరకు ఒకటే రూపంలో ఉంటాయి. ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్లాక ఒక్కోటి రెండు మూడు రకాలుగా మారుతుంది. కంప్యూటర్‌కు అవి వేర్వేరు ఊళ్లు. తెలుగులోనే రాసుకుందామంటే షేప్‌ఫైల్ పాతకాలపు పద్ధతి. గడి పేరుకు పది అక్షరాలకు మించి చోటివ్వదు, లిపి వివరం వెంట రాకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలై కూర్చుంటాయి. జియోప్యాకేజ్ అనే కొత్త పద్ధతిలో ఈ రెండు చిక్కులూ లేవు, అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుంది. అయినా అలవాటు కొద్దీ పాతదే నడుస్తోంది. దీనికి తోడు జిల్లాలు మారాయి. 2016 అక్టోబరులో మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ విడిపోయింది. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి నంద్యాల. 2011 జనగణనలో ఉన్న ఊరు అక్కడే ఉంది, దాని జిల్లా, మండలం మారాయి. ‘కర్నూలు జిల్లా అడవి’ అని ఒక నివేదికలో ఉంటే అది 2022కు ముందుదో తరువాతదో తెలియకుండా చేసే పోలిక అర్థం లేనిది. ఊరికి మారని ఒక సంఖ్య, తెలుగులో ఒక పేరు, ఆ పేరుకున్న ఇతర రూపాలు, ఏ తేదీ నుంచి ఏ జిల్లా అన్న వివరం ఉంటే సరిపోతుంది.

నది దగ్గర ఒక్క క్షణం ఆగాలి. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. దాదాపు అన్ని పటాల్లోనూ నీలిరంగు ఆ మట్టానికే వేస్తారు. కానీ నీరు ఆ మట్టంలో ఉండేది ఏడాదిలో కొన్ని వారాలే. ఎగువన సంగమేశ్వరం గుడి వర్షాకాలంలో మునిగి, మట్టం బాగా తగ్గాక ఎండాకాలంలో బయటపడి పూజలందుకుంటుంది. ఒడ్డున మేసే పశువులకు, చేపలు పట్టేవారికి, నీటికోసం దిగే జింకలకు, వాటి వెంట వచ్చే పులికి ఆ మధ్య తేలే నేల ముఖ్యం. తేదీ లేని ఒక్క నీలిగీత ఆ నేలను పటంలోంచి తీసేస్తుంది.

దోమలపెంట దగ్గర రోడ్డు కింద, కంటికి కనిపించని ఇంకో దారి ఉంది. కృష్ణ నీటిని నల్లగొండ వైపు తీసుకుపోవడానికి తలపెట్టిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం అది. పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. పైన పులుల అభయారణ్యం ఉన్నందున మధ్యలో ఎక్కడా దిగే దారులు తవ్వకుండా రెండు చివరల నుంచే యంత్రాలతో తొలుస్తూ వచ్చారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు లోపల పైకప్పు కూలి, నీరూ బురదా ముంచెత్తి ఎనిమిది మంది చిక్కుకున్నారు. ఆ దుర్ఘటన కారణాల మీద తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు, అందుకు నిపుణులున్నారు. నేను చూపదలచింది, ఒకే నేల గురించి పైన అడవి తెలిసినవారి దగ్గరా లోపల రాయి తెలిసినవారి దగ్గరా ఉన్న సమాచారం ఎంత దూరంగా బతుకుతుందో. రాతి పగుళ్లు, ఊట జాడలు, వాగుల దారులు, ఎండలోనూ తడి ఆరని చోట్లు వేర్వేరు శాఖల్లో వేర్వేరు కొలతల్లో ఉంటాయి. అడవిలో నడిచేవాడికి ఏ చెలమ ఏ నెలలో ఎండుతుందో తెలుసు. భూగర్భ శాస్త్రజ్ఞుడికి అది అమూల్యమైన సూచన. ఆ రెండిటినీ ఒకే చట్రంలో పెట్టే పని ఏ శాఖకూ సొంతం కానందువల్ల ఎవరూ చేయరు. పైన చెట్టు కొట్టకూడదన్న నియమం సరైనదే. చెట్టు కొట్టకుండా కూడా తెలుసుకోగలిగినదంతా ముందే ఒకచోట చేర్చాలన్నది దానికి పక్కనే ఉండాల్సిన నియమం.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఈ పాత గొడవలన్నీ ఎందుకు, ఇప్పుడు సెంటినెల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి పది మీటర్ల వివరంతో చిత్రాలు ఉచితంగా ఇస్తున్నాయి. కంప్యూటర్ వాటిని నిమిషాల్లో చదివి చెట్టేదో చేనేదో చెబుతుంది. పాతవి కట్టిపెట్టి కొత్తగా మొదలుపెడితే పోలేదా అని. ఈ రోజు ఎక్కడ చెట్టు పడిందో తెలుసుకోవడానికి ఆ చిత్రాలు నిజంగా వరమే, నాకు అందులో సందేహం లేదు. కానీ అడవిలో మనిషి హక్కు ఈ రోజు చిత్రం మీద ఆధారపడి లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడిగేది 2005 డిసెంబరు 13 నాటికి ఆ నేల ఎవరి స్వాధీనంలో ఉందని. సెంటినెల్-2 ఆకాశంలోకి వెళ్లింది 2015లో. 2005 ప్రాంతంలో అడవుల పటాలకు విరివిగా వాడిన మన దేశపు ఉపగ్రహాల లిస్-3 చిత్రాల్లో ఒక్కో చుక్క 23.5 మీటర్ల చదరం, దాదాపు పదమూడున్నర సెంట్లు. వాటి నుంచి గీసిన అటవీ పటంలో ఒక హెక్టారు కన్నా చిన్న ముక్క అసలు కనిపించదు. ఒక హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. రెండెకరాల సాగు ఆ పటంలో లేదంటే, నేల మీద లేదని అర్థం కాదు; అంత చిన్నదాన్ని చూపే శక్తి ఆ పటానికి లేదని అర్థం. పైగా గిరిజనుల చేలల్లో ఇప్పచెట్లు, తునికి చెట్లు నరకకుండా ఉంచుకుంటారు. పై నుంచి చూస్తే అది పలచని అడవే. అందుకే 2012లో సవరించిన నియమాలు ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు కావచ్చు గానీ వాటి స్థానంలో నిలబడరాదని స్పష్టంగా రాశాయి. ఆ నియమం మంచిదే. అయితే చిత్రం తేదీ, దాని చుక్క పరిమాణం, అది చూపగల కనీస విస్తీర్ణం పటం మీదే రాసి లేనప్పుడు, గ్రామసభలో కూర్చున్నవారికి దాన్ని ప్రశ్నించే ఆధారం ఎక్కడిది? ‘ఉపగ్రహం చెప్పింది’ అన్న మాట ముందు పెద్దమనుషుల సాక్ష్యం తేలిపోతుంది. కంప్యూటర్ చదివినా ఇదే. మనం అడవి అని నేర్పినదాన్నే అది అడవి అంటుంది. నేర్పడానికి వాడిన నమూనాలు మార్చివో నవంబరువో రాసుకోకపోతే దాని తప్పు ఇంకా వేగంగా, ఇంకా ధీమాగా వస్తుంది.

రెండో అభ్యంతరం కింది ఉద్యోగుల వైపు నుంచి వస్తుంది, దీన్ని నేను మరింత గౌరవంతో వింటాను. బీట్ అధికారి పొద్దున్నే అడవిలోకి పోవాలి, ఎం-స్ట్రైప్స్ యాప్‌లో గస్తీ నమోదు చేయాలి, కెమెరాలు చూసుకోవాలి, నిప్పు వస్తే ఆర్పాలి, కేసు వస్తే కోర్టుకు పోవాలి. దీని మీద ఇంకో ఇరవై గడులు నింపమంటే ఎవరు చేస్తారు? నిజమే. కానీ ఇప్పుడు పడుతున్న శ్రమలో ఎంత భాగం క్రమం లేనందువల్ల వృథా అవుతోందో కూడా చూడాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో నిప్పు కాలం. ఉపగ్రహం నుంచి ఫోనుకు హెచ్చరిక వస్తుంది. మోడిస్ పరికరం నుంచి వచ్చిన బిందువంటే ఒక కిలోమీటరు చదరంలో ఎక్కడైనా నిప్పు ఉండవచ్చని. వీఐఐఆర్ఎస్ నుంచి వచ్చిందంటే 375 మీటర్ల చదరం, అంటే పద్నాలుగు హెక్టార్లలో ఎక్కడైనా. ఆ వివరం తెలియకపోతే వాచర్ బిందువు దగ్గరికి వెళ్లి, నిప్పు కనపడక, ‘ఏమీ లేదు’ అని రాసి వస్తాడు. ఏడాది తరువాత ఆ పట్టిక చూసినవారు ఉపగ్రహం అబద్ధం చెప్పిందంటారు, లేదా వాచర్ వెళ్లలేదంటారు. ఇద్దరూ నిజమే చెప్పారు. హెచ్చరికలోనే ఏ పరికరం, ఎంత వెడల్పు అని తెలుగులో ఒక్క మాట ఉంటే చాలు. నేను అడుగుతున్నది బీట్ అధికారి చేత ఎక్కువ నింపించమని కాదు; ఆయన నింపినది పై ఆఫీసులో చెరిగిపోకుండా ఉంచమని. అడవి నుంచి వచ్చిన అసలు ఫైలును ఎవరూ ముట్టుకోకుండా ఒక చోట దాచాలి; దిద్దుబాట్లన్నీ నకలు మీద జరగాలి; ఫైలు పేరులోనే చోటు, తేదీ ఉండాలి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ సార్ చూసినది’ అని పేర్లున్న ఫోల్డరులోంచి ఏది ప్రభుత్వానికి వెళ్లిందో ఆ ఉద్యోగి బదిలీ అయ్యాక ఎవరూ చెప్పలేరు. ఏ దిద్దుబాటు ఎవరు ఎందుకు చేశారో ఒక వరుస రాస్తే చాలు. ఇది రేంజి కార్యాలయంలో ఒక్క మనిషికి నేర్పగల పని, ఆ ఒక్క మనిషికి ఆ పని కోసమే జీతం ఇవ్వాలి.

మూడోది అన్నిటికన్నా గట్టిది. సమాచారం ఇంత చక్కగా అమర్చి అందుబాటులో పెడితే దాన్ని ముందుగా వాడుకునేది వేటగాళ్లు, కలప దొంగలు, గనుల కంపెనీలు కాదా? పులి ఏ చెలమ దగ్గరికి వస్తుందో, ఏ కొండ మీద ఏ మందుమొక్క ఉందో, చెంచులు ఏ రాతి దగ్గర మొక్కుకుంటారో పటంలో పెట్టడం మేలా కీడా? ఈ భయం ఊహ కాదు. అమ్రాబాద్ కొండల్లో యురేనియం అన్వేషణ ప్రతిపాదన మీద 2019లో ఊళ్లకు ఊళ్లు కదిలాయి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. తమ కాళ్ల కింద ఏముందో బయటివారికి తెలియడం తమకెంత ప్రమాదమో అక్కడివారికి ఎవరూ చెప్పక్కర్లేదు. నా జవాబు ఇది: సమాచారం మూసి ఉండవచ్చు, కానీ దాని పుట్టుక వివరం మూసి ఉండకూడదు. పులి కెమెరాలు ఎక్కడున్నాయో అందరికీ చెప్పక్కర్లేదు. అలాంటి పొర ఒకటి ఉందని, ఏ ఏడాదిదని, ఎవరి దగ్గరుందని, ఏ పద్ధతిలో తీశారని మాత్రం ఎవరైనా తెలుసుకోగలగాలి. అప్పుడే ఒక ప్రాజెక్టు నివేదికలో ‘ఈ ప్రాంతంలో పులుల జాడ లేదు’ అని రాస్తే, ఆ పొర చూశారా చూడకుండానే రాశారా అని అడగడానికి వీలుంటుంది. రహస్యం వేరు, క్రమం లేకపోవడం వేరు. క్రమం లేనితనం కంపెనీని ఆపదు. దానికి సొంతంగా సర్వే చేయించుకునే డబ్బుంది. పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఉన్నవారికి మాత్రం ప్రభుత్వ పటం తప్ప ఇంకో ఆధారం లేదు. చెంచులు చెప్పిన సంగతుల విషయంలో ఇంకో షరతు చేర్చాలి. తేనె పట్టే కొండలు, గడ్డలు తవ్వే చోట్లు, మొక్కుబడి రాళ్లు వాళ్లు చెబితే వచ్చిన పొరలు. ఏవి ఎవరికి చూపాలో గ్రామసభ చెప్పాలి, ఒక నకలు వాళ్ల దగ్గరే ఉండాలి. ఏడాదిలో కొద్ది రోజులే నడిచే దారులు కూడా ఈ అడవిలో ఉన్నాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు పోయే దారి ఉత్తరాన, ఉగాదికి కన్నడ భక్తులు ఆత్మకూరు వైపు నుంచి పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి నడిచే దారి దక్షిణాన. మిగతా ఏడాది వాటి మీద గడ్డి మొలుస్తుంది. నెల రాయని పటంలో అవి ఉంటే ఏడాదంతా రోడ్డనుకుంటారు, లేకుంటే అసలు దారే లేదంటారు. రెండూ తప్పే.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, ఈ రోడ్డు మీదే అడవి మీదుగా శ్రీశైలం వైపు ఎలివేటెడ్ కారిడార్ కట్టాలన్న ప్రతిపాదన ఉంది. జంతువులు కింద నుంచి పోతాయి, బళ్లు పై నుంచి పోతాయి, రాత్రి గేటు మూయక్కర్లేదన్నది దాని వెనక వాదన. మంచిదో చెడ్డదో ఇప్పుడే తేల్చలేం, తేల్చడానికి కావలసిన కాగితాలు ముందుకు రావాలి. ఏ సంవత్సరపు కోర్ హద్దు తీసుకున్నారు, అది ఏ లెక్కలోని అక్షాంశ రేఖాంశాలతో గీశారు. ఈ రోడ్డు మీద చచ్చిన జంతువుల నమోదు ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ కిలోమీటరు దగ్గర. స్తంభాలు దిగే చోట రాయి ఎలాంటిదో చూసింది ఎవరు. వాగుల పటం ఎండాకాలానిదా వానాకాలానిదా. పెంటలు, నడకదారులు గుర్తించినప్పుడు ఎవరిని అడిగారు, ఏ గ్రామసభ సంతకం పెట్టింది. నష్టపరిహారం పట్టికలో 1.20 అంటే గుంటలా సెంట్లా. ఈ వివరాలన్నీ తెలుగులో, అలైన్‌మెంటు గీత గీసిన అదే కాగితం మీద, అభిప్రాయ సేకరణకు ముందే అమ్రాబాద్ మండలంలోని ప్రతి పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి.